డ్యూసెల్‌డార్ఫ్‌లో వంటగది లేదు, ఐండ్‌హోవెన్‌లో ఫ్లోరింగ్ లేదు

2022 ఏప్రిల్‌లో మా ఆయన ఉద్యోగం కోసం జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ వచ్చాం. రెండున్నరేళ్లు ఉన్నాక, 2024 అక్టోబరులో నా ఉద్యోగం కోసం సరిహద్దు దాటి నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ చేరాం. రెండు ఊళ్ల మధ్య దూరం సుమారు వంద కిలోమీటర్లు, అంటే హైదరాబాద్ నుంచి నల్గొండ అంత. వెన్లోలో ఒకసారి రైలు మారితే చాలు. అంత దగ్గర ఊళ్లే అయినా, అద్దె ఇంటి విషయంలో రెండో చోట అన్నీ మళ్లీ మొదటినుంచి నేర్చుకోవాల్సి వచ్చింది.

ఈమధ్య తెలిసినవాళ్లు చాలామంది అడుగుతున్నారు, ఏ దేశంలో అద్దె తక్కువ అని. ప్రకటనలో కనిపించే అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే సమాధానం దొరకదు. ఆ అంకెలో ఏం కలిసింది, ఏం కలవలేదు అన్నది ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది. ఇది మాకు డబ్బు పోగొట్టుకున్నాక అర్థమైంది. కొత్తగా వచ్చేవాళ్లకు అలా జరగకూడదనే వివరంగా రాస్తున్నాను.

కూకట్‌పల్లిలో మేం ఉన్న ఇల్లు టు-లెట్ బోర్డు చూసి ఫోన్ చేస్తే దొరికింది. సాయంత్రం వెళ్లి చూసి, ఓనరు ఆంటీతో రెండు మాటలు మాట్లాడి, అడ్వాన్స్ ఇచ్చి వచ్చేశాం. డ్యూసెల్‌డార్ఫ్‌లో బిల్క్ ప్రాంతంలో మొదటి ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు, మూడో అంతస్తు తలుపు దగ్గర నుంచి కింది గేటు దాకా మెట్ల మీద జనం వరుసగా నిలబడి ఉన్నారు. ప్రతి ఒక్కరి చేతిలో ఒక ఫైలు. మా చేతులు ఖాళీ.

ఆ ఫైలే అక్కడ అసలు సంగతి. మూడు నెలల జీతం స్లిప్పులు, ఉద్యోగ ఒప్పందం, పాస్‌పోర్టు కాపీ, పాత ఓనరు దగ్గర అద్దె బాకీ లేదని కాగితం, మన గురించి మనమే నింపి ఇచ్చే ఫారం, వీటన్నిటితో పాటు షూఫా రిపోర్టు. మన సిబిల్ స్కోరు లాంటిదే షూఫా. దేశంలోకి కొత్తగా వచ్చినవాళ్లకు అందులో చరిత్రే ఉండదు. దానికి బదులు మా ఆయన ఆఫీసు నుంచి, ఈయనది పర్మనెంట్ ఉద్యోగం, జీతం ఇంత అని జర్మన్‌లో ఒక లెటర్ రాయించుకున్నాం. కూకట్‌పల్లి ఆంటీ చేత కూడా, వీళ్లు రెండేళ్లు ఉన్నారు, అద్దె ఎప్పుడూ ఆలస్యం చేయలేదు అని ఇంగ్లీషులో నాలుగు లైన్లు రాయించి, సంతకం పెట్టించి తెప్పించాం. ఆ నాలుగు లైన్లు పనికొచ్చాయనే నా నమ్మకం. తొమ్మిదో ఇంటి మేనేజరు ఆ కాగితం దగ్గర ఆగి, రెండుసార్లు చదివి, మా వంక చూసి నవ్వాడు. ఇల్లు మాకే వచ్చింది.

ఆ ఇంటి ప్రకటనలో రెండు అద్దెలున్నాయి. చల్లని అద్దె 820 యూరోలు, వెచ్చని అద్దె 1,040. వాళ్ల మాటల్లో కాల్ట్‌మీటె, వార్మ్‌మీటె. చల్లనిది ఉత్త ఇంటికి. వెచ్చనిదానిలో హీటింగు, నీళ్లు, చెత్త, మెట్లు తుడిపించడం లాంటి ఖర్చులకు ప్రతి నెలా కట్టే అడ్వాన్స్ కలిసి ఉంటుంది. కరెంటు, ఇంటర్నెట్ మాత్రం విడిగా మనమే పెట్టుకోవాలి. ఇవి కాక ఇంటింటికీ నెలకు 18.36 యూరోల ప్రసార రుసుము ఉంటుంది, మన ఇంట్లో టీవీ ఉన్నా లేకపోయినా కట్టాల్సిందే. డిపాజిట్ చల్లని అద్దెకు మూడు నెలలు మించకూడదని చట్టం. దాన్ని మూడు నెలసరి వాయిదాల్లో కట్టుకునే హక్కు కూడా ఉంది. మాకు అది తెలియక 2,460 యూరోలు ఒకేసారి కట్టేశాం. అప్పుడే విమానం టికెట్లు కొని, సామాన్లు కొని ఉన్నాం. ఆ నెల చేతిలో డబ్బు ఆడక ఎంత టెన్షన్ పడ్డామో మాకు తెలుసు.

ఇల్లు చూసిన రోజు వంటగది చక్కగా ఉంది. తెల్లటి అల్మరాలు, ఓవెన్, నాలుగు పొయ్యిల స్టవ్. తాళాలు తీసుకున్న రోజు లోపలికి వెళ్లి చూస్తే ఏమీ లేదు. గోడలోంచి రెండు నీళ్ల పైపులు, వాటికి ప్లాస్టిక్ మూతలు, నేలకు కాస్త పైన ఒక లావుపాటి కరెంటు వైరు. సింకు కూడా లేదు. అల్మరాలు ఉన్నచోట గోడ మీద పసుపురంగు గీత మాత్రం మిగిలింది. దొంగలు పడ్డారేమో అన్నంత కంగారుగా మేనేజరుకి ఫోన్ చేశాను. ఆయన నిదానంగా చెప్పాడు: ఆ వంటగది ఖాళీ చేసినవాళ్ల సొంతం, మీరు కొనుక్కోలేదు కాబట్టి పట్టుకెళ్లారు. ఇల్లు చూసిన రోజు, అప్పటికి అందులో అద్దెకున్న అబ్బాయి జర్మన్‌లో వంటగది చూపిస్తూ పదిహేను వందలు అని ఏదో అన్నాడు. మేం తలాడించి వచ్చేశాం. అక్కడ చాలా ఇళ్లు వంటగది లేకుండానే అద్దెకిస్తారు, పాతవాళ్ల దగ్గర నుంచి కొత్తవాళ్లు కొనుక్కుంటారు.

ఆరు వారాలు ఒంటి ఇండక్షన్ పొయ్యి మీద వండాను. ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె బోర్లించి, దాని మీద చెక్కపలక వేసి, పలక మీద పొయ్యి పెట్టాను. గిన్నెలు బాత్రూం బేసిన్‌లో కడిగేదాన్ని. మొదటి రోజు పప్పులో పోపు వేసినప్పుడు ఆ ఖాళీ గదిలో చిటపటలు గోడలకు కొట్టుకుని పెద్దగా వినిపించాయి. వీడియో కాల్‌లో అమ్మ చూసి, "కింద కూర్చుని వండుకుంటున్నావా తల్లీ, అంత దూరం వెళ్లి" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. తర్వాత వాడిన వంటగది ఒకటి 700 యూరోలకు దొరికింది. స్టవ్ కనెక్షన్ మాత్రం ఎలక్ట్రీషియన్‌తోనే ఇప్పించాం. అది మామూలు ప్లగ్గు కాదు, హై పవర్ లైను. ఎవరూ సొంతంగా చేయకండి.

ఇంకో సంగతి మీద మాత్రం నేను ఎంత చెప్పినా తక్కువే. పోస్టు డబ్బా. జర్మనీలో అపార్ట్‌మెంట్లకు సాధారణంగా ఫ్లాట్ నంబర్లు ఉండవు. కాలింగ్ బెల్ మీదా, పోస్టు డబ్బా మీదా ఇంటిపేరు ఉంటుంది, పోస్ట్‌మ్యాన్ ఆ పేరు చూసి ఉత్తరం వేస్తాడు. ఇంట్లో చేరిన రెండు వారాల్లోగా మునిసిపల్ ఆఫీసులో అడ్రసు నమోదు చేయించుకోవాలి, దానికి ఓనరు సంతకం చేసిచ్చే కాగితం కావాలి. అది చేశాక పన్ను నంబరు ఉత్తరంలో వస్తుంది. అన్నీ సరిగ్గా చేసి ఎదురుచూస్తూ కూర్చున్నాం. మూడు వారాలైనా ఉత్తరం లేదు. రెండో నెల జీతం దగ్గరికొచ్చింది, మా ఆయన ఆఫీసులో పేరోల్ వాళ్లు రోజూ నంబరు అడుగుతున్నారు. చివరికి కింది ఫ్లాటు పెద్దావిడ నన్ను చేయి పట్టుకుని డబ్బా దగ్గరికి తీసుకెళ్లి చూపించింది. దాని మీద ఇంకా పాతవాళ్ల పేరే ఉంది. ఉత్తరం వచ్చింది, పేరు లేక తిరిగి వెళ్లిపోయింది. పైగా పాస్‌పోర్టుల్లో మా ఆయన ఇంటిపేరు ఒకటి, నాకు పెళ్లికి ముందు ఇంటిపేరు ఇంకొకటి. రెండూ రాస్తే గానీ ఇద్దరి ఉత్తరాలూ అందవు. ఆ రోజే చిన్న అక్షరాల్లో రెండు ఇంటిపేర్లూ రాసి టేపుతో అంటించాం. నంబరు కోసం మళ్లీ దరఖాస్తు పెట్టుకున్నాం. నెదర్లాండ్స్‌లో ఈ బాధ లేదు. నాలుగంకెలూ రెండక్షరాల పోస్ట్‌కోడ్, ఇంటి నంబరు ఉంటే ఉత్తరం వచ్చేస్తుంది.

ఆ పెద్దావిడే నాకు కిటికీలు తెరవడం నేర్పింది. నిజంగా నేర్చుకోవాల్సిన విషయమే. చలికాలంలో కిటికీ రోజంతా ఓరగా తెరిచి ఉంచకూడదు. పూర్తిగా బార్లా తెరిచి, అయిదు పది నిమిషాల్లో మళ్లీ మూసేయాలి. రోజుకు రెండు మూడుసార్లు. మనం అన్నం వండితే, సాంబారు మరిగిస్తే, బట్టలు లోపల ఆరేస్తే వచ్చే తేమంతా గోడల మూలల్లో నల్లటి బూజు అవుతుంది. ఖాళీ చేసేటప్పుడు దానికి మన డిపాజిట్‌లోంచి కోసే ప్రమాదం ఉంది.

2024 జూన్ చివరి వారంలో నాకు ఐండ్‌హోవెన్ ఆఫర్ వచ్చింది. జర్మనీలో అద్దెకున్నవాళ్లు ఖాళీ చేయాలంటే మూడు నెలల నోటీసు. ఆ నోటీసు నెలలో మూడో పనిదినం లోపు వాళ్లకు చేరితేనే ఆ నెల లెక్కలోకి వస్తుంది. జూలై 1న ఈమెయిల్ పంపి నిశ్చింతగా ఉన్నాం. మర్నాడు మేనేజరు ఆఫీసు నుంచి జవాబు: ఈమెయిల్ చెల్లదు, కాగితం మీద చేతి సంతకం కావాలి. పోస్టులో పంపిన కాగితం 5వ తేదీన చేరింది. రెండు రోజుల తేడాతో మా గడువు సెప్టెంబరు 30 నుంచి అక్టోబరు 31కి మారిపోయింది. అక్టోబరులో రెండు దేశాల్లో రెండు అద్దెలు కట్టాం. కాగితం మనమే తీసుకెళ్లి వాళ్ల డబ్బాలో వేసి, పక్కన ఒక సాక్షిని ఉంచుకుంటే చాలు, 1,040 యూరోలు మిగిలేవి. మన బదులు ఇంకొకరిని తెచ్చి చూపిస్తే వదిలేస్తారని చాలామంది చెప్పారు. అది నిజం కాదు. ఒప్పుకోవాలని ఓనరుకు బలవంతం లేదు. మా మేనేజరు ఒప్పుకోలేదు.

నెదర్లాండ్స్‌లో వెతకడం మొదలుపెడితే పద్ధతి మొత్తం వేరు. జర్మనీలో కాగితాలు చూసి నమ్ముతారు, ఇక్కడ ముందు ఎవరు స్పందిస్తే వాళ్లకు అవకాశం. పరారియుస్ అనే అద్దె ఇళ్ల వెబ్‌సైటులో ఉదయం తొమ్మిదికి ప్రకటన కనిపిస్తే మధ్యాహ్నం భోజనం వేళకి మూసేసేవారు. ఫోన్‌లో అలర్ట్ పెట్టుకుని, ఆఫీసు మీటింగుల మధ్యలో కూడా అప్లై చేసేదాన్ని. ఏజెంట్లు అడిగే మొదటి ప్రశ్న జీతం. నెల జీతం, పన్ను కోయకముందు, అద్దెకు కనీసం మూడు రెట్లు ఉండాలి, కొందరు నాలుగు రెట్లంటారు. ఆ లెక్కలో లేకపోతే ఇల్లు చూడనివ్వరు కూడా. షూఫా లాంటిది ఎవరూ అడగలేదు.

మేం వెతికిన సమయం కూడా కష్టమైనదే. 2024 జూలై 1 నుంచి నెదర్లాండ్స్‌లో అద్దె చట్టం మారింది. ఇంటికి విస్తీర్ణం, ఎనర్జీ లేబుల్ (ఇల్లు కరెంటు, గ్యాసు ఎంత పొదుపుగా వాడుతుందో చెప్పే గ్రేడు), వంటగది, ప్రభుత్వం కట్టిన విలువ, ఇలా అన్నిటినీ బట్టి పాయింట్లు వేస్తారు. 186 పాయింట్ల దాకా వచ్చే ఇళ్లకు అద్దె మీద పరిమితి ఉంటుంది, ఆ ఏడాది 186 పాయింట్ల ఇంటికి గరిష్ఠం 1,157.95 యూరోలు. 187 గానీ అంతకు మించి గానీ వస్తే ఓనరు ఇష్టం. అదే రోజు నుంచి తాత్కాలిక ఒప్పందాలు కూడా కొన్ని మినహాయింపులకు తప్ప తీసేశారు. ఇప్పటికే అద్దెకున్నవాళ్లకు ఇది మంచి చట్టం. కానీ చాలామంది ఓనర్లు అద్దెకివ్వడం మానేసి అమ్మకానికి పెట్టారు, కొత్తగా వెతికేవాళ్లకు ఇళ్లు తగ్గాయి. మేం చూడబోయిన రెండు ఇళ్లు, చూసే రోజు రాకముందే అమ్మకానికి వెళ్లిపోయాయి.

ఆ హడావుడిలోనే మోసపోబోయాం. ఒక గ్రూపులో ఫొటోలు, రెండు బెడ్‌రూములు, అద్దె 950. ఓనరు తాను విదేశంలో ఉన్నానని, డిపాజిట్ పంపితే తాళాలు కొరియర్ చేస్తానని, తన పాస్‌పోర్టు కాపీ కూడా పంపాడు. మా ఆయన బ్యాంకు యాప్ తెరిచేశారు. ఆ పాస్‌పోర్టు చూసి నమ్మాం గానీ, అదీ ఎవరి దగ్గరో కొట్టేసిందే అయ్యుంటుందని తర్వాత అనిపించింది. నేను ఆపింది ఒక్క ప్రశ్న వల్ల: ఆ అడ్రసులో మునిసిపాలిటీలో పేరు నమోదు చేసుకోవచ్చా అని అడిగాను. కుదరదన్నాడు. నమోదు కుదరదని చెప్పే ఇంటికి, ఎంత చవకైనా, వెళ్లకండి. వచ్చిన అయిదు రోజుల్లో నమోదు చేయించుకోవాలని ఇక్కడ రూలు. అది లేకుంటే పౌర సేవల నంబరు రాదు, అది లేకపోతే జీతం దగ్గర నుంచి డాక్టరు దాకా అన్నీ ఆగిపోతాయి. మీ పత్రాలు పంపేటప్పుడు ఆ నంబరు కనబడకుండా చేసి, ఎవరికి ఎందుకు ఇస్తున్నారో దాని మీద రాయడానికి ప్రభుత్వమే కోపీఐడీ అనే యాప్ ఇచ్చింది, అది వాడండి.

వోన్సెల్ వైపు ఒక ఇల్లు చూశాం. ప్రకటనలో కాల్ అని ఉంది. డచ్‌లో ఆ మాటకు ఉత్తది, బోడిది అని అర్థం. వంటగది ఉంది, నా ప్రాణం లేచొచ్చింది. హాల్లోకి అడుగుపెడితే కాళ్ల కింద గరుకు సిమెంటు. పాతవాళ్లు అతికించిన చెక్క ఫ్లోరింగ్ ఊడదీసి పట్టుకెళ్లారు, జిగురు మరకలు చారలు చారలుగా ఉన్నాయి. పైన లైటు ఉండాల్సిన చోట రెండు వైర్లు. కర్టెన్ రాడ్లు లేవు. రోడ్డున పోయేవాళ్లకి మేం కనిపిస్తున్నాం. మీరు వేసుకుంటారు, వెళ్లేటప్పుడు తీసుకెళ్తారు అంది ఏజెంటు. ఫ్లోరింగ్, కర్టెన్లు, లైట్లు ఉన్నదాన్ని ఖెస్టోఫేర్ట్ అంటారు, మంచాలూ సోఫాలతో సహా ఉంటే ఖెమ్యూబిలేర్ట్. రెండు మూడేళ్లకే వచ్చేవాళ్లు కాల్ జోలికి వెళ్లొద్దు. ఒక అంతస్తుకి ఫ్లోరింగ్ వేయించే ఖర్చు తలచుకుంటే నెలకు వంద ఎక్కువ పెట్టి ఖెస్టోఫేర్ట్ తీసుకోవడమే మేలు.

ఇంకో ఇల్లు అన్ని విధాలా నచ్చింది, మెట్లు తప్ప. డచ్ ఇళ్లలో మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉంటాయి. పాదం సగమే ఆనుతుంది. దిగేటప్పుడు నేను వెనక్కి తిరిగి, రెండు చేతులతో పట్టుకుని దిగాను. అమ్మానాన్న వేసవికి వస్తామంటున్నారు, అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఆ ఇల్లు వదులుకున్నాం. చివరికి స్ట్రైప్ దగ్గర లిఫ్ట్ ఉన్న ఫ్లాటు దొరికింది. అద్దె 1,450, డిపాజిట్ రెండు నెలలు. 2023 జూలై నుంచి మొదలైన ఒప్పందాలకు ఇక్కడ రెండు నెలలకు మించి అడగకూడదు. గ్యాసు, కరెంటు, నీళ్లు, మునిసిపల్ చెత్త పన్ను, నీటి బోర్డు పన్ను అన్నీ విడిగా మనవే. జర్మనీ 1,040 పక్కన 1,450 పెట్టి చూస్తే నాలుగొందలే తేడా అనిపిస్తుంది. మా బిల్లులన్నీ కలిపితే ఆ తేడా ఆరు వందలు దాటింది. ఇంకోవైపు ఇక్కడ ఖాళీ చేయడానికి ఒక్క నెల నోటీసు చాలు.

పాయింట్లు నేనే ఆన్‌లైన్‌లో లెక్కపెట్టాను, మా ఇల్లు 187 దాటింది. మా ఆఫీసులో కొత్తగా చేరిన ఒకమ్మాయి చిన్న స్టూడియోకి పన్నెండు వందలు కడుతుంటే, ఆమెదీ లెక్కపెట్టించాను. చాలా తక్కువ వచ్చాయి. భయపడింది, ఓనరుకి కోపం వస్తుందని. ఒప్పందం మొదలైన ఆరు నెలల్లోపు హ్యూర్‌కమిసీ అనే అద్దె కమిషన్‌కి 25 యూరోలు కట్టి ఫిర్యాదు చేయవచ్చని పక్కన కూర్చుని ఫారం నింపించాను. మనిషి వచ్చి కొలతలు తీసుకున్నాడు. ఆమె అద్దె తగ్గింది. ఆ రోజు నాకు సొంత అద్దె తగ్గినంత సంతోషం వేసింది.

మా అద్దె మాత్రం 2025 జూలైలో 4.1 శాతం పెరిగి 1,509 అయింది. ఆ ఏడాది మా లాంటి ఇళ్లకు చట్టం అనుమతించిన గరిష్ఠం అంతే, ఏటా పెంచుకోవచ్చు. డ్యూసెల్‌డార్ఫ్‌లో ఉన్నన్నాళ్లూ చల్లని అద్దె ఒక్క యూరో పెరగలేదు.

జర్మనీ లెక్క 2025 శరదృతువులో గానీ తేలలేదు. డిపాజిట్‌లో అయిదు వందలు అట్టిపెట్టుకుని, 2024 ఖర్చుల లెక్క పంపారు. అడ్వాన్సులు పోను ఇంకా 312 యూరోలు కట్టాలట. వరుసగా చదివితే పదినెలలకూ కేబుల్ టీవీ ఛార్జీ ఉంది. 2024 జూలై 1 నుంచి దాన్ని అద్దెకున్నవాళ్ల మీద వేయకూడదు. కింద నిర్వహణ ఖర్చు అని ఇంకో లైను. అది కూడా వేయకూడదు, ఓనరే భరించాలి. మేం డ్యూసెల్‌డార్ఫ్‌లో ఉండగా అద్దెదారుల సంఘంలో చేరాం, అక్కడ మీటర్‌ఫెరైన్ అంటారు. ఏడాది చందా కట్టిన ప్రతి యూరోకీ విలువ దక్కింది. గోడలకు రంగులు వేసి వెళ్లాలని మేనేజరు అన్నప్పుడు, రంగు వేయని ఇల్లు అద్దెకిచ్చి, ఖాళీ చేసేవాళ్లతో రంగు వేయించకూడదని 2015లోనే పెద్ద కోర్టు చెప్పిందని వాళ్లే లెటర్ రాసిచ్చారు. ఈసారీ అభ్యంతరం రాయించి పంపాం. నెల తర్వాత కొత్త లెక్క వచ్చింది, 312 కాస్తా 147 అయింది. మిగతా 353 మా అకౌంట్లో పడ్డాయి.

నన్నడిగితే, కుదురుగా అయిదారేళ్లు ఉండేవాళ్లకు జర్మనీ ఇల్లు నయం. మొదటి మూడు నెలలు ఏడిపిస్తుంది, తర్వాత ఎవరూ కదిలించరు. ఏడాది రెండేళ్లకు వచ్చేవాళ్లకు నెదర్లాండ్స్ ఖరీదైనా తేలిక.

మా పిన్ని కొడుకు పోయిన నెల డ్యూసెల్‌డార్ఫ్‌లో దిగాడు. ఇల్లు దొరికింది అక్కా, వంటగది పాతవాళ్ల దగ్గర కొనుక్కున్నాను, డిపాజిట్ మూడు వాయిదాలన్నాను ఒప్పుకున్నారు అని మెసేజ్ పెట్టాడు. పోస్టు డబ్బా మీద ఇంటిపేరు అంటించావా అని అడిగాను. పది నిమిషాల తర్వాత ఫొటో పంపాడు. నీలం ఇంకుతో, కాస్త వంకరగా, మా అమ్మ పుట్టింటికి ఎదురిల్లు వాళ్ల ఇంటిపేరు. పిన్ని చేసుకున్నది ఆ ఎదురింటబ్బాయినే.